ముప్పై మూడు చీటీలు

నాలుగో చీటీ విప్పేసరికి టీచరుకి తను చేసిన తప్పు తెలిసింది.

మొదటి మూడూ విప్పినప్పుడు ఆమె ధ్యాసంతా పేర్ల మీదే ఉంది. పేరు చదవడం, వెనక్కి తిరగడం, నల్లబల్ల మీద గీత గీయడం. నాలుగోది విప్పగానే పేరు కన్నా ముందు అక్షరాలు కనిపించాయి. ఎడమవైపుకి ఒరిగిపోయి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతాయేమో అన్నట్టున్న అక్షరాలు. కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చునే పిల్లవి. ఐదోది విప్పింది. దీర్ఘం ఇవ్వాల్సిన చోటల్లా మరిచిపోయేవాడు మళ్ళీ మరిచిపోయాడు. ఆరోది ఎవరిదో విప్పకుండానే తెలిసింది. చీటీని అంత చిన్నగా, ఎనిమిది మడతలు పెట్టే పిల్లవాడు ఆ బడి మొత్తానికి ఒక్కడే.

ఇరవై ఆరేళ్ళుగా పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్న మనిషి ఆమె. పేరు రాయకుండా ఇచ్చిన పుస్తకాన్ని కూడా ఒక్క చూపు చూసి, సొంతదారు ఒళ్ళో పడేలా విసిరేది. అలాంటి మనిషి, ఓటంటే చీటీ మీద పేరు రాసి పెట్టెలో వేయడమని ఐదో తరగతి పిల్లలకి తనే చెప్పింది. పనిలో పనిగా ఒత్తులు కూడా కుదురుతాయని ఆశపడింది. పేర్లు తనే రాసిచ్చి, నచ్చిన పేరు పక్కన ఒక గుర్తు పెట్టించి ఉంటే సరిపోయేది. ఆ ముక్క అప్పుడు తట్టలేదు.

అంతకు ముందు వారం రోజుల పాటు ఆ పాఠమే చెప్పింది. పుస్తకంలో ఒకటిన్నర పేజీ పాఠం అది. దాన్ని ఆమె సాగదీసి సాగదీసి చెప్పింది. క్లాసు లీడరుని ఏటా పెద్దసారు వచ్చి, ఎత్తుగా ఉన్నవాణ్ణి చూసి, "నువ్వు" అని వేలు చూపించి పోయేవాడు. ఈసారి పిల్లలే ఎన్నుకుంటారని ఆమె ఆయన దగ్గర ఒప్పందం చేసుకుంది.

"ఎవరికి వేశారో ఎవరికీ చెప్పక్కర్లేదు," అంది క్లాసులో. "అడిగే హక్కు ఎవరికీ లేదు."

"మా అమ్మ అడిగితే?"

"అమ్మకీ చెప్పక్కర్లేదు."

"పెద్దసారు అడిగితే?"

"ఆయనకి కూడా."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దసారుకి చెప్పక్కర్లేని సంగతి ఒకటి ఈ లోకంలో ఉంటుందని వాళ్ళకి అదే మొదటిసారి తెలియడం.

"మీకు మాత్రం తెలుస్తుంది కదా టీచర్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"నాకూ తెలియదు. ఒట్టు," అంది ఆమె.

ఇప్పుడు చీటీ చీటీకీ ఆ ఒట్టు తప్పుతోంది.

పోటీలో ఉన్నది ఇద్దరే. ఒకడిని అందరూ 'రేడియో' అంటారు. పొద్దున్న గంట కొట్టినప్పుడు మొదలుపెట్టిన వాగుడు ఇంటి గంట దాకా ఆపడు. వాళ్ళ నాన్న తాళాలు బాగుచేస్తాడు. రెండో అభ్యర్థి 'రిబ్బను'. రెండు జడలకీ అరచేయంత రిబ్బను పువ్వులు కట్టుకుని వస్తుంది, మాట పొదుపు. ఊరి చివర అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఓనరు కూతురు. ఓనరుగారే బడి కమిటీకి అధ్యక్షుడు కూడా. వర్షానికి కారే రెండు గదులకి కొత్త పైకప్పు వేయిస్తానని మాటిచ్చింది ఆయనే. క్లాసులో సగం మంది తల్లిదండ్రులు ఆయన ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళే. ఓట్లు వేసిన పెట్టె కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ప్రచారం రోజున రేడియో పావుగంట మాట్లాడాడు. కుళాయి దగ్గర చిన్న తరగతుల పిల్లల్ని పెద్దవాళ్ళు తోసేస్తున్నారని, తనని ఎన్నుకుంటే చిన్నవాళ్ళని ముందు నిలబెడతానని చెప్పాడు. రిబ్బను వచ్చి రెండే మాటలు చెప్పింది. "నాన్న నిలబడమన్నారు. నిలబడ్డాను." వెళ్ళి కూర్చుంది.

ఇరవై ఒకటో చీటీ విప్పినప్పుడు టీచరు కాసేపు పేరు చదవలేదు. తలకట్టు అక్షరానికి తగలకుండా, పైన గాల్లో తేలుతున్నట్టు పెట్టే పిల్ల క్లాసులో ఒక్కతే. ఎన్నిసార్లు చెప్పినా ఆ తలకట్టుని కిందికి దించలేకపోయింది టీచరు. అది రిబ్బను చేతిరాత. అందులో ఉన్నది రేడియో పేరు.

చదివింది. గీత గీసింది. మిగతావి కూడా చదివింది. ముప్పై మూడు చీటీల్లో రేడియోకి పదిహేడు, రిబ్బనుకి పదహారు.

క్లాసంతా గోలగోలగా ఉన్నప్పుడు ఆమె కళ్ళు రెండో బెంచీ వైపు వెళ్ళాయి. రిబ్బను తల వంచుకుని, చాలాసేపు మోసిన బరువు దింపినట్టు భుజాలు వదులు చేసుకుని కూర్చుంది. టీచరు చీటీలన్నీ ఒక పాత రేకుడబ్బాలో వేసి, డబ్బాని బీరువాలో పెట్టి, తాళం చెవి చేతిసంచిలో వేసుకుంది. అక్కడే చించి పారేసి ఉంటే సరిపోయేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

శనివారం పొద్దున్న తమ్ముడు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తల్లీతండ్రీ పోయాక వాణ్ణి పెంచి, చదివించి, పెళ్ళి చేసింది ఆమే. తను పెళ్ళి ఊసెత్తలేదు. ఇప్పుడు ఉంటున్నది తమ్ముడి ఇంట్లోనే. అతను ఆ ఫ్యాక్టరీలోనే అట్టలు కోసే యంత్రాల దగ్గర సూపర్‌వైజరు.

"అక్కా, ఆ చీటీలు ఏం చేశావు?"

"ఏ చీటీలు?"

"తెలియనట్టు అడక్కు. నిన్న సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు ఓనరుగారు అందరి ముందూ అన్నాడు. నా దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలే నా కూతుర్ని ఓడించారా అని. నవ్వుతూనే అన్నాడులే. ఆయన నవ్వు సంగతి నీకు తెలియదు."

"పిల్లల ఆటరా అది."

"నువ్వు ఆట అనుకుంటున్నావు. చీటీల మీద పిల్లలే రాశారని, చేతిరాత చూస్తే ఎవరిదో తెలిసిపోతుందని పెద్దసారే ఆయనకి చెప్పాడట. సోమవారం వచ్చి చూస్తానన్నాడు." గ్లాసు కింద పెట్టాడు. "చూపించేసెయ్. నీ సొమ్మేం పోతుంది?"

"చూపించను."

"పోనీ, నా కింద పనిచేసేవాళ్ళ పిల్లలు ఎవరికి వేశారో నాకైనా చెప్పు. రేపు వాళ్ళని పనిలోంచి తీసేస్తే ఆ ఇళ్ళవాళ్ళు వచ్చి నా చొక్కా పట్టుకుంటారు."

"అందుకేగా చూపించనంటున్నాను."

తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. వంటింట్లోంచి మరదలు తొంగి చూసి గ్లాసు తీసుకుపోయింది.

ఆదివారం సాయంత్రం ఒకామె తలుపు తట్టింది. ఫ్యాక్టరీలో పెట్టెలకి లేబుళ్ళు అంటించే పని ఆమెది. గుమ్మం దాటి లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిగుడ్డలోంచి ఒక కాగితం ముక్క తీసింది.

"టీచరుగారూ, మావాడు ఎవరికి రాశాడో ఎంత అడిగినా చెప్పడం లేదు. టీచరు చెప్పొద్దన్నారు అంటాడు. రెండు తగిలించినా చెప్పలేదు. అందుకని ఇంకో చీటీ రాయించి తెచ్చాను. ఓనరుగారి అమ్మాయి పేరే. పాతది తీసేసి ఇది అందులో పడేయండి, మీకు పుణ్యముంటుంది."

టీచరు ఆ చీటీని చూసింది. ఎనిమిది మడతలు. శుక్రవారం ఆ పిల్లవాడు వేసింది కూడా రిబ్బనుకే. ఆ ఒక్క మాట చెబితే ఈ తల్లి ఈ రాత్రి నిద్రపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈమెకి చెబితే రేపు ఇంకొకామె వస్తుంది. ఆవిడకి చెప్పలేక నోరు మూసుకుంటే, ఆ మూసుకోవడమే జవాబైపోతుంది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మీవాడు ఒకసారి వేశాడు, అంతే."

"ఎవరికి?"

"నేను చూడలేదమ్మా."

ఆమె కాసేపు టీచరు మొహంలోకి చూసి, చీటీని మళ్ళీ చేతిగుడ్డలో పెట్టుకుంది. "మీకేం, మీది సర్కారు ఉద్యోగం," అంది మెల్లగా. మెట్లు దిగి వెళ్ళిపోయింది. తల్లి చేతిలో దెబ్బలు తిని కూడా నోరు విప్పని ఆ పిల్లవాడు టీచరుకి చాలాసేపు కళ్ళ ముందే ఉన్నాడు. తను చెప్పిన పాఠం వాడి వీపు మీద పడింది.

సోమవారం ప్రార్థన అయిన వెంటనే పిలుపు వచ్చింది. పెద్దసారు గదిలో ఓనరుగారు అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, మోకాళ్ళ మీద చేతులు. గొంతు పెంచే రకం కాదు. ఎదుటివాళ్ళు మాట్లాడటం ఆపేదాకా ఓపికగా చూసే రకం.

"మేడమ్, ఆ చీటీలు ఒకసారి తెప్పించండి," అన్నాడు పెద్దసారు, ఎవరివైపూ చూడకుండా.

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? సారు చూస్తానంటున్నారు. చిన్నపిల్లల ఆట, దానికింత రాద్ధాంతం దేనికి?"

"ఆటైతే చూడ్డం దేనికండీ?"

ఓనరుగారు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "నేనొకటి అడుగుతాను, చెప్పండి. లెక్కపెట్టింది ఎవరు?"

"నేనే."

"మీరొక్కరేనా?"

"ఒక్కదాన్నే."

"పక్కన ఎవరూ లేరు. ఒక్క ఓటు తేడా. మీరు రాసిందే లెక్క. అది నేను నమ్మాలి. అవునా?"

ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. ఆయన ఉద్దేశం ఏదైనా కానీ, ఆ ప్రశ్న న్యాయమైనదే. తను ఇంకో తప్పు కూడా చేసిందని అప్పుడు తెలిసొచ్చింది.

"మీరన్నది నిజమేనండీ. మళ్ళీ లెక్కపెడదాం. పిల్లల ముందే. కానీ చేతిరాత తెలియని మనిషి లెక్కపెట్టాలి. నేను చీటీ ముట్టుకోను, మీరూ ముట్టుకోకూడదు."

"అలాంటివాడు ఎవడున్నాడు ఇక్కడ?"

పదకొండు గంటలకి పోస్ట్‌మాన్ వస్తాడు. దూరపు ఊరి నుంచి రోజూ సైకిలు మీద వచ్చిపోయే మనిషి, ఈ బడిలో అతని పిల్లలెవరూ లేరు. విషయం చెబితే కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నేను చదవలేని రాత ఇంతవరకూ పుట్టలేదమ్మా. వీధి పేరు లేని కవర్లు కూడా చేర్చాను. కాకపోతే తొందరగా తేల్చండి, ఇంకా సగం సంచి ఉంది," అన్నాడు.

ఐదో తరగతి గదిలో బల్ల మీద రేకుడబ్బా పెట్టారు. చీటీలు ఎగరకుండా ఫ్యాను ఆపేశారు. పోస్ట్‌మాన్ గోడ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఓనరుగారికి తలుపు దగ్గర కుర్చీ వేశారు. పెద్దసారు నిలబడే ఉన్నాడు. ముప్పై ముగ్గురు పిల్లలు ఎవరి బెంచీల్లో వాళ్ళు కూర్చున్నారు. రేడియో కూడా నోరు మెదపలేదు. రిబ్బను రెండు చేతులూ బెంచీ కింద పెట్టుకుంది.

పోస్ట్‌మాన్ ఒక్కో చీటీ విప్పి, తన ఛాతీకి దగ్గరగా పట్టుకుని, పేరు చదివి, బోర్లా పెడుతున్నాడు. పెద్దసారు నల్లబల్ల మీద గీతలు గీస్తున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది.

పదమూడో చీటీ దగ్గర ఓనరుగారు కుర్చీలోంచి లేచాడు. కాళ్ళు పట్టేసినట్టు అటూ ఇటూ రెండడుగులు వేశాడు. తర్వాత నెమ్మదిగా బల్ల పక్కకి వచ్చి, గోడకీ పోస్ట్‌మాన్‌కీ మధ్య సందులోకి దూరబోయాడు.

టీచరు వెళ్ళి ఆ సందులో నిలబడింది.

"కూర్చోండి," అంది.

"ఏమిటి?"

"కుర్చీలో కూర్చోండి. లేదంటే లెక్క ఇక్కడితో ఆపేస్తాను."

పెద్దసారు చేతిలో సుద్దముక్క నల్లబల్లకి ఆనినట్టే ఉండిపోయింది. పోస్ట్‌మాన్ చీటీని ఇంకాస్త దగ్గరికి తీసుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఓనరుగారు ఆమె మొహం చూశాడు, తర్వాత ఆమె వెనక తననే చూస్తున్న అన్ని కళ్ళనీ చూశాడు. వెళ్ళి కూర్చున్నాడు.

పద్నాలుగు. పదిహేను. గాల్లో తేలే తలకట్టున్న చీటీ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో టీచరుకి కూడా తెలియలేదు. ఆమె కావాలనే నేలకేసి చూస్తూ నిలబడింది. చివరి చీటీ బోర్లా పడింది. పదిహేడు, పదహారు.

"సరిపోయింది సార్," అన్నాడు పెద్దసారు నీరసంగా.

"సరిపోయింది," అని ఒప్పుకున్నాడు ఓనరుగారు. "లెక్క అయిపోయిందిగా. ఆ చీటీలు ఇలా ఇవ్వండి."

నల్లబల్ల తుడిచే గుడ్డ తడిపే బకెట్టు మూలన ఉంది. టీచరు చీటీలన్నీ దోసిట్లోకి తీసుకుంది, రెండడుగులు వేసింది, బకెట్లో ముంచింది. మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి పిసికింది. సిరా కరిగి నీళ్ళు నీలంగా మారాయి. ఆమె చేతులు బయటికి తీసేసరికి అందులో ఉన్నది కాగితం ముద్ద. పోస్ట్‌మాన్ సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా జారుకున్నాడు.

ఓనరుగారు లేచి పిల్లల ఎదురుగా నిలబడ్డాడు. ఇప్పుడు ఆయన గొంతు ఇంకా మెత్తగా ఉంది.

"నేనేమీ అనను పిల్లలూ. ఊరికే తెలుసుకుందామని. అబ్బాయికి వేసినవాళ్ళు చేతులెత్తండి."

"ఎవరూ ఎత్తక్కర్లేదు," అంది టీచరు.

"భయం దేనికి? ఎత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎనిమిది మడతల పిల్లవాడు బెంచీని గట్టిగా పట్టుకున్నాడు. కిటికీ పక్క పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకో నిమిషం ఇలాగే ఉంటే ఎవరో ఒకరు ఏడ్చేస్తారు, ఏడ్చినవాళ్ళే వేసినవాళ్ళవుతారు. టీచరు ఏదో అనబోయింది.

రెండో బెంచీలో చెయ్యి లేచింది.

రిబ్బను చెయ్యెత్తి ఊరుకోలేదు. లేచి నిలబడింది.

"నేను వేశాను నాన్నా."

ఓనరుగారికి అర్థం కాలేదు. "నువ్వు కాదమ్మా, ఆ అబ్బాయికి వేసినవాళ్ళు."

"నేను ఆ అబ్బాయికే వేశాను."

ఆయన చూపు నల్లబల్ల మీదికి వెళ్ళింది. పదిహేడు, పదహారు. ఆ ఒక్క గీత అటు నుంచి ఇటు వస్తే ఏమయ్యేదో ఆయన లెక్క వేసుకుంటున్నాడని టీచరుకి తెలుస్తూనే ఉంది.

"ఎందుకు?"

రిబ్బను కాసేపు ఆలోచించింది. "వాడు చిన్నపిల్లల్ని ముందు నిలబెడతానన్నాడు. నేను ఏమీ చేస్తానని చెప్పలేదు కదా నాన్నా."

"బ్యాగు తీసుకో. ఇంటికి పద."

"బడి వదిలేది మూడున్నరకండీ," అంది టీచరు. ఆమె చేతుల నుంచి నీలం నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"అది నా కూతురు మేడమ్."

రిబ్బను పుస్తకాలు సర్దుకుని తండ్రి వెనక నడిచింది. గుమ్మం దగ్గర ఆయన ఆగి చెయ్యి చాపుతాడేమోనని టీచరు చూసింది. ఆయన ఆగలేదు.

మంగళవారం హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు దగ్గర గైరుహాజరు అని రాసింది. బుధవారం కూడా. జ్వరమట అన్నాడు పెద్దసారు. సాయంత్రం టీచరు వాళ్ళ ఇంటిదాకా నడిచి వెళ్ళింది. గేటు దగ్గర కాపలామనిషి అయ్యగారు లేరన్నాడు. పిల్ల ఉందా అంటే, నాకు తెలియదమ్మా అన్నాడు. మేడ మీద కిటికీలో దీపం వెలుగుతోంది. ఆమె కాసేపు అక్కడే నిలబడి తిరిగి వచ్చింది. గురువారం ఏ పాఠం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మాట దాచుకోవచ్చని పిల్లలకి నేర్పించింది. అందరినీ కాపాడటానికి ఒక పిల్ల తన మాట తనే బయటపెట్టుకుంటుందని ఆమె అనుకోలేదు.

శుక్రవారం పొద్దున్న తండ్రీకూతుళ్ళు నడిచి వచ్చారు. పిల్ల పరిగెత్తి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మీకు ముందే తెలుసు కదా?" అని అడిగాడు.

"ఏమిటండీ?"

"దాని చేతిరాత. పోయిన శుక్రవారం విప్పినప్పుడే మీకు తెలిసుంటుంది. నాతో ఆ ఒక్క మాట అని ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. నేను నోరు మూసుకుని పోయేవాణ్ణి."

"నేను చూడలేదండీ."

ఆయన నవ్వలేదు. "మీకు అబద్ధం ఆడటం రాదు మేడమ్," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రిబ్బను తనంతట తనే బల్ల దగ్గరికి వచ్చింది. "నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు టీచర్. నిన్న మాట్లాడారు." ఏం మాట్లాడారో చెప్పలేదు. టీచరు అడగలేదు. రాని రోజుల పాఠాలు రాసుకోమని పక్క పిల్ల పుస్తకం ఇప్పించింది.

ఫ్యాక్టరీలో ఎవరినీ పనిలోంచి తీసేయలేదు. పైకప్పు మాత్రం రాలేదు. ఆ ఏడు వర్షాలకి రెండు గదుల్లోనూ బిందెలు పెట్టుకుని పాఠాలు చెప్పారు. కారినప్పుడల్లా పెద్దసారు ఆమె వైపు చూసేవాడు. మరుసటి ఏడు ఆమెకి ఐదో తరగతి తీసేసి ఒకటో తరగతి ఇచ్చాడు. లేబుళ్ళు అంటించే ఆమె దారిలో కనిపిస్తే ఇప్పటికీ పలకరించదు.

రేడియో మరీ గొప్ప లీడరేమీ కాలేదు. కుళాయి దగ్గర మాట నిలబెట్టుకున్నాడు గానీ, నల్లబల్ల తుడిపించడం రోజూ మరిచిపోయేవాడు. పిల్లలు వచ్చి ఫిర్యాదు చేస్తే, "మీరేగా ఎన్నుకున్నారు, నాలుగు నెలలకి మళ్ళీ ఓట్లు పెడతాను, అప్పటిదాకా ఓపిక పట్టండి," అనేది టీచరు. నాలుగు నెలలయ్యాక మళ్ళీ ఓట్లు పెట్టింది. ఈసారి పేర్ల పక్కన గుర్తులు పెట్టించింది. లెక్కపెట్టడానికి ముగ్గురు పిల్లల్ని, పక్క తరగతి టీచర్నీ కూర్చోబెట్టి, తను బయట వసారాలో నిలబడింది. ఎవరూ ఊహించని మూడో పిల్ల గెలిచింది.

తమ్ముణ్ణి కోత యంత్రాల దగ్గర నుంచి గోదాములోకి మార్చారు. సూపర్‌వైజరు అన్న పేరు మిగిలింది గానీ చూడాల్సిన మనుషులు మిగల్లేదు. పదిహేను రోజులు అక్కతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే మరదలితో చెప్పించేవాడు. ఒక సాయంత్రం భోజనాల దగ్గర తల ఎత్తకుండానే అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. నీకే ఓటుంటే ఎవరికి వేసేదానివి?"

"అది నీకెందుకురా?" అంది ఆమె, మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి జరుపుతూ.

మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. కానీ గ్లాసు తీసుకున్నాడు, రేపు గొడుగు పట్టుకెళ్ళు, వర్షం వచ్చేట్టుంది అన్నాడు.